మోచేతిలో రెండు సెంటీమీటర్లు

"ఎడమ చెయ్యి వంచకండి సార్!"

గోల్ఫ్ నేర్చుకుందామని డ్రైవింగ్ రేంజ్‌కి వెళ్లిన మొదటి రోజే చెవిన పడే మాట ఇది. పక్క మ్యాట్ మీద ఆడుతున్న పెద్దాయన చెబుతారు, బంతుల బుట్ట తెచ్చే కుర్రాడు చెబుతాడు, కోచ్ సంగతి సరేసరి. నేనూ విన్నాను, నమ్మాను. చాలాకాలం ఎడమ మోచేతిని కర్రలా బిగించి ఆడాను. బంతి దారికి రాలేదు, మోచేతికి నొప్పి మాత్రం పట్టుకుంది. చివరికి ఒక ఆదివారం దర్జీ టేపు తీసుకుని నా చేతిని నేనే కొలుచుకుని, కాగితం మీద లెక్క వేశాను. చెయ్యి ఎంత వంగితే ఎంత నష్టం, మోచేయి ఎటు చూడాలి, బంతి ముందు నిలబడ్డప్పుడే తేల్చుకోవాల్సినవి ఏవి అన్నది అంకెల్లో చూసుకుంటే భయాలు సగం పోతాయి. మిగిలిన సగం మీద మనసు పెట్టొచ్చు. ఈ కథనంలో కుడి, ఎడమ అన్నవి కుడిచేతి వాటం వాళ్లకు. ఎడమచేతి వాటం వాళ్లు తిప్పి చదువుకోవాలి.

ముందు బంతి సంగతి. నిబంధనల ప్రకారం గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములకు మించకూడదు. అంటే గడ్డి మీద కూర్చున్న బంతికి నడుము ఎత్తు 21.3 మిల్లీమీటర్లు. ఈ అంకెను గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం. క్లబ్ తల బంతిని అంటిపెట్టుకుని ఉండేది సుమారు అర మిల్లీసెకను, సెకనులో రెండువేలవ వంతు. పైకెత్తిన క్లబ్ దిగివచ్చి బంతిని చేరడానికి పట్టేది పావు సెకను. కంటితో చూసినదానికి చెయ్యి స్పందించడానికే 0.2 సెకన్ల దాకా పోతుంది. కాబట్టి దిగుతున్న క్లబ్‌ను దారిలో సరిదిద్దుకోవడం జరిగే పని కాదు. తీరిగ్గా సర్దుకోగలిగిన ఘట్టం ఒక్క సెటప్పే, అంటే కొట్టే ముందు బంతి దగ్గర నిలబడే తీరే.

ఇక టేపు లెక్క. నా జబ్బ, భుజం కీలు నుంచి మోచేతి దాకా 30 సెంటీమీటర్లు. మోచేతి నుంచి పిడికిట్లోని గ్రిప్ మధ్య దాకా 35. చెయ్యి పూర్తిగా చాపితే భుజానికీ గ్రిప్‌కీ మధ్య 65 సెంటీమీటర్లు. మోచేయి వంగేకొద్దీ ఈ దూరం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో తెలుసుకోవడానికి ఇంటర్మీడియట్ త్రిభుజ ధర్మాల పాఠంలోని కొసైన్ సూత్రం చాలు.

మోచేయి 10 డిగ్రీలు వంగితే తగ్గేది రెండున్నర మిల్లీమీటర్లు. 20 డిగ్రీలకు సెంటీమీటరు. 30 డిగ్రీలకు 2.2 సెంటీమీటర్లు. 45కి దాదాపు 5. 60కి 8.7. లంబకోణంలో వంగితే ఏకంగా 19 సెంటీమీటర్లు పోతాయి.

ఈ వరుసను నెమ్మదిగా మళ్లీ చదవండి. మొదటి పది డిగ్రీల ఖరీదు రెండున్నర మిల్లీమీటర్లు. తర్వాతి పదికి ఏడు. ఆ తర్వాతి పదికి పన్నెండు. మోచేయి కొంచెం సడలితే దాదాపు ఏమీ పోదు, సడలింపు పెరిగేకొద్దీ నష్టం పరుగందుకుంటుంది. చేతిని ఇనపకడ్డీలా బిగించి ఆ చివరి పది డిగ్రీలనూ సాధించామే అనుకుందాం. లాభం రెండున్నర మిల్లీమీటర్లే. ఆ లాభం కోసం భుజం, మెడ, మణికట్టు అన్నీ బిగుసుకుపోతాయి. లెక్క తేలిన రోజున నాకు నిజంగా కోపం వచ్చింది. అంత చిన్న లాభానికి అన్నాళ్ల నొప్పా!

వేగం సంగతి కూడా చూద్దాం. "చెయ్యి వంగితే దూరం పోతుంది" అని అందరూ అంటారు. దూరం కొట్టే పెద్ద క్లబ్ డ్రైవర్ పొడవు సుమారు 45 అంగుళాలు. పట్టుకున్న చోటు నుంచి తల దాకా 105 సెంటీమీటర్లు వేసుకోండి. దానికి చెయ్యి 65 కలిపితే మొత్తం 170. మోచేయి 30 డిగ్రీలు వంగితే అందులో 2.2 తగ్గుతుంది, అంటే 1.3 శాతం. అదే జోరుతో తిప్పితే గంటకు 100 మైళ్ల వేగం 98.7 అవుతుంది. ఇది మోటు లెక్కే. అలెస్టర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ 1968లో వెలువరించిన ప్రసిద్ధ బ్రిటిష్ పరిశోధన గ్రంథం స్వింగ్‌ను రెండు కడ్డీల లోలకంగా చూపింది. పై కడ్డీ చెయ్యి, కింది కడ్డీ క్లబ్, మధ్యలో మణికట్టు మడతబందు. వేగంలో పెద్ద వాటా ఆ మడతబందు సరైన క్షణంలో విచ్చుకోవడం వల్ల వస్తుంది. మోచేతి వంపు దోచుకునే వేగం మనం భయపడేంత కాదు.

అసలు ప్రమాదం ఎత్తులో ఉంది. ఇక్కడే మన 21.3 మిల్లీమీటర్లు తిరిగొస్తాయి. సెటప్‌లో చెయ్యి చాపి క్లబ్ తలను సరిగ్గా బంతి వెనక ఆనించారు. కొట్టే క్షణానికి మోచేయి 30 డిగ్రీలు ముడుచుకుంది. తల సుమారు 2 సెంటీమీటర్లు పైకి లేచింది. ఇప్పుడు క్లబ్ కింది అంచు తగిలేది బంతి నడుముకు. బంతి గాల్లోకి లేవకుండా నేల మీద దొర్లుకుంటూ పోతుంది. టాప్ షాట్ అంటే ఇదే. దీన్ని తిరగేసి చూడండి. సెటప్‌లోనే మోచేయి 30 డిగ్రీలు వంచి నిలబడ్డారు, కొట్టేటప్పుడు అది చాపుకుంది. తల 2 సెంటీమీటర్లు కిందికి, అంటే మట్టిలోకి దిగుతుంది. అది ఫ్యాట్ షాట్. రెండు తప్పులకూ కారణం ఒకటే. నిలబడ్డప్పటి వంపూ కొట్టినప్పటి వంపూ వేరువేరు.

మరి కొట్టేటప్పుడు చెయ్యి తనంతట తాను చాపుకుంటుందా? చాపుకుంటుంది. క్లబ్ తల బరువు 200 గ్రాములు. గంటకు 100 మైళ్లంటే సెకనుకు 45 మీటర్లు. అంత వేగంతో వలయంలో తిరిగే ఆ తల చేతుల్ని బయటికి లాగే బలం 20 కిలోల బరువుకు పైనే ఉంటుంది. 25 కిలోల బియ్యం బస్తాను రెండు చేతులతో వేలాడదీస్తే మోచేతులు ఎలా సాగుతాయో ఊహించుకోండి. ఎడమ చేతిని మనం బలవంతంగా చాపక్కర్లేదు, క్లబ్బే చాపుతుంది. అందుకే సెటప్‌లో అది చాపినట్టే ఉండాలి, బిగించినట్టు మాత్రం ఉండకూడదు. బకెట్‌లో నీళ్లు మోసుకొస్తున్నప్పుడు చెయ్యి ఎలా వేలాడుతుందో అలా ఉంటే చాలు.

వంపు తప్పు కాదు, వంపు మారడమే తప్పు అన్నదానికి కాల్విన్ పీట్ కంటే గొప్ప సాక్ష్యం నాకు దొరకలేదు. 1943లో డెట్రాయిట్‌లో పుట్టి ఫ్లోరిడాలో పెరిగిన నల్లజాతి ఆటగాడు ఆయన. చిన్నప్పుడు చెట్టు మీంచి పడి ఎడమ మోచేయి విరిగింది. అది సరిగా అతుక్కోలేదు, జీవితాంతం ఆ చెయ్యి పూర్తిగా చాపుకోలేదు. గోల్ఫ్ క్లబ్ మొదటిసారి పట్టుకున్నది 23 ఏళ్ల వయసులో. "ఎడమ చెయ్యి వంచొద్దు" అన్న సూత్రం నిజమైతే ఆయన ఆ ఆట జోలికే వెళ్లకూడదు. వెళ్లారు. పీజీఏ టూర్‌లో 12 టోర్నమెంట్లు గెలిచారు, అందులో 1985 ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ ఒకటి. డ్రైవర్‌తో కొట్టిన బంతిని ఫెయిర్‌వేలో, అంటే పొట్టిగా కత్తిరించిన గడ్డి దారిలో, నిలపడంలో 1981 నుంచి 1990 దాకా వరసగా పదేళ్లు టూర్ మొత్తానికీ ఆయనే మొదటి స్థానం. పదేళ్లు! కారణం నాకు ఇలా తోస్తుంది. ఆయన మోచేయి సెటప్‌లో ఎంత వంగి ఉందో అంతకు మించి చాపుకోవడం దానికి సాధ్యం కాదు. క్లబ్ ఎంత లాగినా అది అక్కడే ఆగుతుంది. మనం సాధన చేసి తెచ్చుకోవాల్సిన నిలకడను ఆయన విరిగిన ఎముకలోంచి సాధించుకున్నారు.

సగటు స్కోరు అందరికంటే తక్కువగా ఉన్నవారికి ఇచ్చే వార్డన్ ట్రోఫీ 1984లో పీట్‌కు దక్కింది. ఆ ట్రోఫీ ఎవరి పేరున ఉందో ఆ హ్యారీ వార్డన్ కూడా బ్యాక్‌స్వింగ్ పైకి వెళ్లేసరికి ఎడమ మోచేయి వంచినవాడే. 1896, 1914 మధ్య ఆరుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. 1954లో బాల్టస్‌రాల్‌లో యూఎస్ ఓపెన్ గెలిచిన ఎడ్ ఫర్గోల్ ఎడమ చెయ్యి చిన్ననాటి ప్రమాదంలో దెబ్బతిని, వంకరగా, కురచగా మిగిలిపోయింది. దగ్గరి కాలంలో చూస్తే 2010లో ప్రపంచ నంబర్ వన్ అయిన లీ వెస్ట్‌వుడ్, 2015 మాస్టర్స్‌ను 18 అండర్‌తో గెలిచిన జోర్డన్ స్పీత్ ఇద్దరికీ బంతిని కొట్టే క్షణంలో ఎడమ మోచేయి కాస్త వంగే ఉంటుంది. ప్రతిసారీ ఒకేలా వంగి ఉంటుంది.

వంపు ఎంత అన్నది తేలింది కాబట్టి, ఇక మోచేయి ఎటు చూడాలన్న ప్రశ్నకు వద్దాం. నా దృష్టిలో ఇదే పెద్ద ప్రశ్న, రేంజ్‌లో దీన్ని అడిగేవాళ్లే తక్కువ.

బెన్ హోగన్ 1957లో రచయిత హెర్బర్ట్ వారెన్ విండ్ సాయంతో రాసిన ఐదు పాఠాల పుస్తకంలో దీనికి చాలా చోటిచ్చాడు. ఆంథోనీ రావియెల్లీ గీసిన బొమ్మల్లో రెండు చేతులనూ కలిపి కట్టేసినట్టు చూపించే బొమ్మ ఒకటుంది, ఒకసారి చూస్తే మర్చిపోలేం. హోగన్ చెప్పింది ఇది: ఎడమ మోచేయి ఎడమ తుంటి ఎముక వైపు, కుడి మోచేయి కుడి తుంటి ఎముక వైపు చూడాలి. జబ్బలు ఛాతీ పక్కలకు ఆనాలి. మోచేతి లోపలి మడతలు, అంటే రక్తపరీక్షకు సూది గుచ్చే చోట్లు, ఒకదానికొకటి ఎదురుగా కాకుండా ఆకాశం వైపు ఉండాలి. 1949లో బస్సు ఢీకొని మళ్లీ నడవడమే అనుమానమైన మనిషి, మరుసటి ఏడాదే యూఎస్ ఓపెన్ గెలిచి, 1953లో మాస్టర్స్, యూఎస్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ మూడూ పట్టుకుపోయాడు. అలాంటివాడు మోచేతి మడత గురించి అంత పట్టుబట్టాడంటే ఆగి వినాలి.

ఎందుకో తెలియాలంటే కూర్చున్న చోటే ఒక పరీక్ష చేయండి. నమస్కారం పెట్టినట్టు అరచేతులు కలిపి, చేతుల్ని ముందుకు, కిందికి చాపండి. ఇప్పుడు అరచేతులు కదపకుండా మోచేతులను మాత్రం తిప్పండి. మోచేతి మొనలు బయటికి పోయినప్పుడు మడతలు ఎదురెదురుగా ఉంటాయి. మొనలు నేల వైపు, పొట్ట వైపు తిరిగినప్పుడు మడతలు పైకి వస్తాయి. అరచేతులు ఉన్నచోటే ఉన్నాయి! అంటే ఒకే గ్రిప్‌తో, క్లబ్ తలను ఒకే తీరున నిలబెట్టి, మోచేతులను మాత్రం రెండు వేరువేరు దిక్కులకు పెట్టుకోవచ్చు. కింద క్లబ్‌ను చూసుకుంటే ఈ తేడా కనిపించదు.

తేడా స్వింగ్‌లో బయటపడుతుంది. మోచేయి తలుపు మడతబందు లాంటిది. 145 డిగ్రీల దాకా ముడుచుకుంటుంది, కానీ ఒక్క దిక్కుకే. ముంజేయి మాత్రం తనచుట్టూ తాను తిరుగుతుంది, అటు ఒక 80 డిగ్రీలు, ఇటు ఒక 80. ఎడమ మోచేతి మొన లక్ష్యం వైపు తిరిగి ఉన్నప్పుడు బంతి తగిలాక చెయ్యి మడిస్తే ఆ మొన లక్ష్యం వైపు పొడుచుకుపోతుంది. చికెన్ వింగ్ అని పిలిచేది దీన్నే. ముంజేయి తిరగాల్సిన చోట మోచేయి ముడుచుకుంటుంది, క్లబ్ ముఖం తెరుచుకునే ఉండిపోతుంది. మొన తుంటి వైపు, కిందికి ఉంటే ముంజేయి తిరిగే పని సాఫీగా సాగుతుంది. ముఖం ఒక్క డిగ్రీ తప్పినా 200 మీటర్ల దూరంలో బంతి మూడున్నర మీటర్లు పక్కకు పోతుంది. నాలుగు డిగ్రీలు తప్పితే 14 మీటర్లు, అంటే చెట్లలోకో నీళ్లలోకో. అందులో బంతి గాల్లో వంకర తిరిగేది ఇంకా కలపలేదు.

ఇక్కడ హోగన్‌తో నాకు చిన్న పేచీ ఉంది. మడతలు నేరుగా ఆకాశాన్ని చూడాలంటే కొందరి భుజాలు ఒప్పుకోవు. చెయ్యి చాపినప్పుడు జబ్బకూ ముంజేతికీ మధ్య సహజంగానే 5 నుంచి 15 డిగ్రీల పక్కవాలు ఉంటుంది, ఆడవాళ్లలో సాధారణంగా కాస్త ఎక్కువ. కొందరి మోచేయి నిటారును దాటి వెనక్కి కూడా పోతుంది. అలాంటివాళ్లు దాన్ని బిగించి లాక్ చేస్తే కీలుకే చేటు. మడతలు పూర్తిగా పైకి కాకుండా, పైకీ లోపలికీ మధ్య ఏటవాలుగా ఉన్నా చాలామందికి సరిపోతుందని నా నమ్మకం. మొన మాత్రం లక్ష్యం వైపు చూడకూడదు.

శరీరాన్ని బట్టే సెటప్ అనడానికి మనవాడే ఒకడున్నాడు. హైదరాబాద్ మూలాలున్న తెలుగు కుటుంబంలో, 1997లో కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల. వెన్నెముక పక్కకు ఒంపు తిరిగే స్కోలియోసిస్ ఉంది అతనికి. ఆ ఒంపుకు తగ్గట్టు కుదిరిన స్వింగ్‌తోనే 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. అంతకుముందు, 2020లో, అమెరికా కళాశాలల ఉత్తమ గోల్ఫర్‌గా అతను అందుకున్న పురస్కారాల్లో ఒకటి బెన్ హోగన్ పేరిట ఇచ్చేదే.

ఇక కుడి మోచేయి. బంతి కుడికి వంకర తిరిగే స్లైస్ రోగం ఉన్నవాళ్లకు అసలు మందు ఇక్కడే దొరుకుతుంది.

గ్రిప్ మీద కుడి చెయ్యి ఎడమ చేతికన్నా ఒక బెత్తెడు కింద ఉంటుంది. రెండు చేతులూ ఒకే పొడవు కదా, ఆ బెత్తెడు ఎక్కడినుంచి రావాలి? దారులు రెండు. కుడి భుజం కాస్త కిందికి వాలడం ఒకటి. ఇది సరైన దారి. కుడి చేతిని బిగించి చాపి, కుడి భుజాన్ని ముందుకు తోయడం రెండోది. కొత్తవాళ్లు తెలియకుండానే ఎంచుకునేది దీన్నే. రెండు భుజాల కీళ్ల మధ్య 40 సెంటీమీటర్లు ఉందనుకుందాం. కుడి భుజం 7 సెంటీమీటర్లు ముందుకొస్తే భుజాల గీత 10 డిగ్రీలు ఎడమకు తిరుగుతుంది. పాదాలు లక్ష్యానికి సరిగ్గానే ఉంటాయి, బంతి సరిగ్గానే ఉంటుంది, చూసేవాళ్లకు తప్పేమీ కనిపించదు. కానీ క్లబ్ భుజాల వెంట తిరుగుతుంది. బయటినుంచి లోపలికి బంతిని కోసుకుంటూ వస్తుంది. బంతి కుడికి వంకర తిరిగి పోతుంది. మనమేమో గ్రిప్ మార్చి, బంతి చోటు మార్చి, చివరికి డ్రైవర్ కూడా మార్చేస్తాం.

మందు చిన్నది. కుడి మోచేతిని కాస్త సడలించి, దాని మొనను కుడి తుంటి వైపు వదిలెయ్యండి. 10, 15 డిగ్రీల వంపు చాలు. అది సడలగానే కుడి భుజం తనంతట తాను వెనక్కి, కిందికి పోతుంది. సరిచూసుకోవడానికి ఒక స్నేహితుణ్ణి లక్ష్యానికి వ్యతిరేక దిక్కున, మీ కుడి పక్కన నిలబడమనండి. అక్కణ్ణుంచి చూస్తే కుడి ముంజేయి కింద, దాని పైన కాస్త ఎడమ ముంజేయి కనిపించాలి. ఎడమ ముంజేయి పూర్తిగా కప్పబడిపోతే కుడి చెయ్యి పెత్తనం చేస్తున్నట్టు. లేదా రెండు ముంజేతుల మీదుగా ఇంకో క్లబ్‌ను అడ్డంగా పెట్టించండి. అది లక్ష్యం గీతకు సమాంతరంగా ఉండాలి.

బ్యాక్‌స్వింగ్‌లో కుడి మోచేయి ఒంటికి అతుక్కునే ఉండాలని ఒకప్పుడు చంకలో జేబురుమాలు పెట్టి నేర్పేవారు. జాక్ నిక్లాస్ కుడి మోచేయి పైన రెక్కలా ఎగిరేది. అయినా 18 మేజర్ టోర్నమెంట్లు గెలిచాడు. ఆ మోచేయి పైకి ఎక్కడికి పోయినా, దిగేటప్పుడు ఒంటి పక్కకు చేరేది. సెటప్‌లో దాన్ని తుంటి వైపు పెట్టుకోవడం అంటే తిరిగి రావాల్సిన చోటును ముందే చూపించడం.

చేతులు ఒంటికి ఎంత దూరంలో వేలాడాలన్నది చాలామందిని తికమక పెడుతుంది కానీ జవాబు తేలిక. 70 కిలోల మనిషికి ఒక్కో చెయ్యి మూడున్నర కిలోలు తూగుతుంది. డ్రైవర్ మొత్తం బరువు 300 గ్రాములకు కాస్త పైన. ఏడు కిలోల చేతుల్ని ముందుకు చాపి పట్టుకుంటే భుజాల కండరాలకు ఆ పనే సరిపోతుంది. నడుము దగ్గర ముందుకు వంగి, చేతుల్ని గడియారం లోలకంలా వదిలేస్తే భుజాల కిందికి వచ్చి ఆగుతాయి. క్లబ్‌ను అక్కడ పట్టుకోవాలి. పొట్టి ఐరన్లకు గ్రిప్ చివరకూ తొడకూ మధ్య ఒక బెత్తెడు పైచిలుకు, డ్రైవర్‌కు జానెడుకు కాస్త తక్కువ ఉంటే సరిపోతుంది. దీనికి పూర్తి ఎదురుదారిలో వెళ్లినవాళ్లూ ఉన్నారు. కెనడాకు చెందిన మో నార్మన్ చేతుల్ని బాగా చాపి, చెయ్యీ క్లబ్బూ ఒకే గీతలో ఉంచి ఆడాడు. ఐరన్లన్నీ ఒకే పొడవులో, 37.5 అంగుళాలకు కోయించుకుని, అదే దారిలో నడిచిన బ్రైసన్ డిషాంబో 2020, 2024లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. వాళ్ల సెటప్‌లో ఒక్క ముక్క తెచ్చుకుంటే పనికిరాదు, మొత్తం తెచ్చుకోవాలి.

నొప్పి గురించి ఒక మాట. మోచేతి లోపలి ఎముక దగ్గర వచ్చేది గోల్ఫర్స్ ఎల్బో, బయటి వైపు వచ్చేది టెన్నిస్ ఎల్బో. పేరుతో పని లేకుండా గోల్ఫ్ ఆడేవాళ్లకు రెండూ వస్తాయి. బిగించిన గ్రిప్, లాక్ చేసిన మోచేయి, గట్టి మ్యాట్ మీద కొట్టే ఫ్యాట్ షాట్లు, మూడూ కలిస్తే స్నాయువుల మీద పడే దెబ్బ పెరుగుతుంది. రెండు వారాలకు తగ్గని నొప్పిని రేంజ్ సలహాలతో లాగించకండి, డాక్టరుకు చూపించండి.

ఇదంతా మీ విషయంలో ఎలా ఉందో తెలుసుకోవడానికి ఫోన్ చాలు. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, ఛాతీ ఎత్తులో, మీకు సరిగ్గా ఎదురుగా నిలబెట్టండి. క్లబ్ దిగివచ్చే డౌన్‌స్వింగ్‌కు సుమారు 60 ఫ్రేములు దొరుకుతాయి. క్లబ్ తల గంటకు 100 మైళ్ల వేగంతో పోతుంటే ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య దాదాపు 19 సెంటీమీటర్లు దాటేస్తుంది. కాబట్టి బంతి తగిలిన క్షణమే దొరకాలని వెతక్కండి, తగలబోయే ముందరి ఫ్రేము దగ్గర ఆపండి. దాన్నీ సెటప్ ఫ్రేమునూ పక్కపక్కన పెట్టి, ఎడమ భుజం నుంచి మోచేతికి ఒక గీత, మోచేతి నుంచి గ్రిప్‌కు ఒక గీత గీయండి. రెండు ఫ్రేముల్లోని వంపుకు తేడా 10 డిగ్రీల లోపుంటే మీ ఎడమ చేతిని ఇక ముట్టుకోకండి, కుడి మోచేతిని చూసుకోండి. తేడా 30 దాటితే, ఈసారి బంతి ముందు నిలబడేటప్పుడు రెండు భుజాలూ ఒకసారి వదులు చేసి, నీళ్ల బకెట్ మోసే చేతిలా ఎడమ చేతిని వేలాడనిచ్చి, అప్పుడు పట్టుకోండి క్లబ్‌ను.